కెమెరా కొట్టింది... చలానా ఎప్పుడు పడుతుంది?

ఆఫీసు నుంచి ఇంటికొస్తున్నారు. ముందు బస్సు, వెనక హారన్ల మోత. పసుపు లైటు చూసి దాటేద్దామనుకున్నారు, సగంలో ఉండగానే ఎర్ర లైటు పడింది. చౌరస్తాలో అవతలి వైపు నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో కెమెరా పైకి లేచినట్టు అనిపించింది. కొట్టాడా? కొట్టలేదా? మీ బండినేనా, పక్క బండినా?

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ఫోన్ తీశారు. నంబరు కొట్టి చూశారు. పెండింగ్ చలాన్లు లేవు. అన్నం తిన్నాక ఇంకోసారి చూశారు. లేవు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ చూశారు. లేవు. "హమ్మయ్య, తప్పించుకున్నాం" అనుకుని మర్చిపోయారు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఎస్సెమ్మెస్ వచ్చింది.

మీకూ ఇలా జరిగిందా? అయితే ఈ అధ్యాయం మీ కోసమే. "చలానా పడిందో లేదో ఎన్ని రోజులకు తెలుస్తుంది?" అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను. కానీ అంతకన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: తెలిసేదాకా మనమేం చేయాలి? దాని గురించే ఎక్కువ మాట్లాడుకుందాం. ఒక్క విషయం మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకోండి. సైటులో కనబడకపోవడం వేరు, చలానా లేకపోవడం వేరు.

మిమ్మల్ని ఆపారా, ఆపకుండా ఫొటో తీశారా?

ఎన్ని రోజులు పడుతుందన్నది సగం ఇక్కడే తేలిపోతుంది.

మిమ్మల్ని ఆపి, లైసెన్సు అడిగి, చేతిలోని మెషీన్‌లో వివరాలు కొట్టారనుకోండి. చలానా అక్కడికక్కడే తయారవుతుంది. మీరు బండి స్టార్ట్ చేసేలోపే మెసేజ్ రావచ్చు, లేదంటే ఆ రోజో మర్నాడో సైటులో ఉంటుంది. తాగి నడిపిన కేసును మాత్రం ఇందులో కలపకండి. అది కోర్టు మెట్లెక్కాల్సిన కేసు, ఫోనులో డబ్బు కట్టి ముగించేది కాదు.

ఆపకుండా ఫొటో తీస్తే దారి పొడుగవుతుంది. ఆ ఫొటో ముందు కంట్రోల్ రూముకు చేరాలి. అక్కడ కూర్చున్నవాళ్లు దాన్ని తెరిచి, నంబరు సరిగ్గా చదవగలుగుతున్నామా, తప్పు స్పష్టంగా కనబడుతోందా అని చూడాలి. రవాణా శాఖ రికార్డులో ఆ నంబరు మీద ఉన్న బండి, ఫొటోలో ఉన్న బండి ఒకటేనా అని సరిపోల్చాలి. ఆ తర్వాతే చలానా నంబరు పుడుతుంది, మెసేజ్ బయల్దేరుతుంది. స్తంభం మీది కెమెరాలు నంబరును వాటంతటవే చదువుతాయి. అయినా చలానా వేసే ముందు మామూలుగా మనిషి కన్ను ఒకసారి పడుతుంది. వేగం కొలిచే గన్‌దీ ఇదే వరస. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. మీరు 136లో వెళ్లారని గన్ అక్కడికక్కడే పట్టేస్తుంది, ఆ అంకె మీ ఫోనులోకి రావడానికి మాత్రం రోజులు పడుతుంది.

పోనీ, రోజుల లెక్క చెప్పమంటారా? మామూలుగా మూడు నాలుగు రోజుల్లో కనబడుతుంది. ఒక్కోసారి ఆ సాయంత్రమే వచ్చేస్తుంది, ఒక్కోసారి రెండు వారాలు దాటుతుంది. చట్టం ఒక గీత గీసింది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అనే నియమాన్ని 2021 ఆగస్టులో చేర్చారు. కెమెరాలతో, స్పీడ్ గన్‌లతో పట్టిన తప్పుకు, అది జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని ఆ నియమం చెబుతుంది. కాబట్టి మీ క్యాలెండర్‌లో గుండ్రం చుట్టాల్సిన తేదీ ఆ పదిహేనో రోజు. అంతకుముందు ఎన్నిసార్లు చూసి "లేదు" అనుకున్నా అది తాత్కాలికమే.

ఆలస్యం అసలు దెబ్బ ఎక్కడ కొడుతుంది?

చలానా పదో రోజున వస్తే నష్టమేముంది, కట్టేది ఎలాగూ అంతే కదా అనిపిస్తుంది. కాదు. ఈ సందర్భం చూడండి.

ఒకమ్మాయి కొత్త ఉద్యోగంలో చేరింది. హాస్టల్ నుంచి ఆఫీసుకు స్కూటీ మీద వెళ్తుంది. యూటర్న్ దాకా వెళ్తే కిలోమీటరున్నర చుట్టు. కాలనీ గేటు దగ్గర నుంచి రాంగ్ రూట్లో వెళ్తే మూడొందల అడుగులు. మొదటి రోజు భయం భయంగా వెళ్లింది. ఎవరూ ఆపలేదు. రాత్రి సైటు చూసింది, ఏమీ లేదు. రెండో రోజు కాస్త ధైర్యంగా వెళ్లింది. మూడో రోజుకు అది తన దారి అయిపోయింది. ఆ మలుపులో స్తంభం మీద కెమెరా ఉందని ఆమెకు తెలియదు. పదకొండో రోజు మొదటి చలానా వచ్చింది, మర్నాడు మూడు వచ్చాయి, ఆ వారాంతానికి మొత్తం ఎనిమిదయ్యాయి. తెలంగాణలో ఒక్కో చలానా మీద జరిమానాతో పాటు 35 రూపాయల యూజర్ చార్జీ వేరే. మొదటి నెల జీతం ఇంకా చేతికి రాలేదు.

ఆ అమ్మాయి మొండిది కాదు. మొదటి రోజే మెసేజ్ వచ్చి ఉంటే రెండో రోజు ఆ దారిన వెళ్లేదే కాదు. శిక్షకూ తప్పుకూ మధ్య పది రోజుల ఖాళీ ఉంటే మనసు దాన్ని అనుమతిగా తీసుకుంటుంది. ఇది తెలిసినవాళ్లు కూడా పడే గుంట. అందుకే సైటులో చలానా కనబడకపోవడాన్ని "ఇక్కడ పర్వాలేదు" అన్నట్టు ఎప్పుడూ తీసుకోకండి. రాంగ్ రూట్లో ఎదురుగా లారీ వస్తే పదకొండో రోజుదాకా ఆగదు.

ఈ మధ్య రోజుల్లో చేయాల్సిన పనులు

1. ఆ రాత్రే రెండు ముక్కలు రాసుకోండి. తేదీ, సమయం, చోటు, బండి ఎవరు నడిపారు, వెనక ఎవరున్నారు. ఫోనులో నోట్ చాలు. రెండు వారాల తర్వాత "ఫలానా తేదీ, సాయంత్రం 6.42, ఫలానా జంక్షన్" అని చలానా వస్తే, ఆ రోజు బండి మీ దగ్గరుందో, మీ తమ్ముడు తీసుకెళ్లాడో గుర్తుంటుందా? మీకు తెలిసి జరిగిన తప్పయితే చూడగానే గుర్తొస్తుంది. తప్పు మీది కాకపోతే ఈ నోటే మీకు అండ.

2. రోజూ చూడకండి. మూడు తేదీలు పెట్టుకోండి. మూడో రోజు, పదహారో రోజు, నెల నిండిన రోజు. ఫోనులో రిమైండర్ పెట్టి మధ్యలో వదిలేయండి. రోజుకు నాలుగుసార్లు నంబరు కొట్టి చూసుకునేవాళ్లను నేనెరుగుదును. వాళ్లకు నిద్ర పట్టదు, చలానా మాత్రం తన టైముకే వస్తుంది.

3. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడి సైటులో వెతకండి. దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. బండి ఎక్కడ రిజిస్టరైందో చూసి అక్కడి సైటులో వెతుకుతారు. చలానా వేసేది తప్పును పట్టుకున్న రాష్ట్రం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి భీమవరం వెళ్లారనుకోండి. నల్గొండ జిల్లాలో వేగం మించితే అది తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైటులో పడుతుంది. రాష్ట్ర సరిహద్దు దాటాక మించితే అది ఆంధ్రప్రదేశ్ లెక్క. తెలంగాణ వాహనాల వివరాలు చాలా ఏళ్లపాటు కేంద్రం నడిపే వాహన్ వ్యవస్థలో లేవు, రాష్ట్రం తన వ్యవస్థ తాను నడుపుకుంది. అందుకని ఒక్క చోట చూసి సరిపెట్టుకోకండి. రాష్ట్ర పోలీసు సైటు, కేంద్ర పరివాహన్ ఈ-చలాన్ సైటు రెండూ చూడండి. బెంగళూరు, చెన్నై వెళ్లొచ్చినవాళ్లు నెల తర్వాత ఇంకోసారి చూడాలి. పక్క రాష్ట్రం చలానా మన దాకా రావడానికి ఇంకొంచెం టైం పడుతుంది.

4. నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే కొట్టండి. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీజీ వస్తోంది. పాత బండ్లు టీఎస్‌గానే ఉన్నాయి. 2014కు ముందు హైదరాబాద్‌లో కొన్నవి ఇప్పటికీ ఏపీ నంబర్లతోనే తిరుగుతున్నాయి. "రాష్ట్రం మారింది కదా" అని టీఎస్ బండికి టీజీ అని కొడితే ఏమీ కనబడదు, మీరు సంతోషిస్తారు. చివరి నాలుగంకెల్లో ముందు సున్నాలుంటే వాటినీ వదలకండి.

5. మెసేజ్ ఏ ఫోనుకు వెళ్తోందో కనుక్కోండి. ఈ ఒక్కటీ చేస్తే మిగతా తంటాలు సగం పోతాయి, కాబట్టి కాసేపు ఆగి చెబుతాను.

రిటైరైన మాస్టారు ఒకరున్నారు. కొడుకు ఇంజనీరింగ్‌లో ఉండగా వాడి పేరు మీదే బండి కొన్నారు, వాడి ఫోన్ నంబరే ఇచ్చారు. కొడుకు పై చదువులకు డాలస్ వెళ్లాడు, అక్కడే ఉద్యోగం. ఇక్కడి సిమ్ రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. బండి మాత్రం ఇంట్లోనే ఉంది. మాస్టారు దాని మీదే పాలకూ కూరగాయలకూ బ్యాంకుకూ వెళ్తారు, దగ్గరే కదా అని హెల్మెట్ లేకుండా. నాలుగేళ్లు ఒక్క మెసేజ్ రాలేదు. ఒక రోజు తనిఖీలో ఆపి, నంబరు కొట్టి చూసి, "మీ బండి మీద ఇరవై మూడు ఉన్నాయి సార్" అన్నారు. ఆయన జీవితంలో ఎవరికీ రూపాయి బాకీ లేరు. రోడ్డు మీద పదిమంది ముందు అలా నిలబడాల్సి రావడం ఆయనకు జరిమానా కన్నా పెద్ద బాధ.

విదేశాల్లో పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది చెబుతున్నాను. ఆర్‌సీ తీసి ఎవరి పేరుందో చూడండి. ఆర్‌సీ, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు దగ్గర పెట్టుకుని రవాణా శాఖ ఆన్‌లైన్ సేవల్లో ఫోన్ నంబరు మార్చే వీలుందేమో చూడండి. అక్కడ కుదరకపోతే ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లండి. కొడుకు సెలవులకు ఊరొచ్చినప్పుడు తిరుపతి టికెట్లతో పాటు ఈ పనినీ జాబితాలో రాసుకోండి. వీలైతే బండినే తండ్రి పేరుకు మార్పించేయండి.

6. డబ్బు కట్టే ముందు ఫొటో తెరవండి. చలానా పక్కన ఫొటో ఉంటుంది. దాన్ని చూడకుండా కట్టేసేవాళ్లే ఎక్కువ. ఏం చూడాలి? నంబరు ప్లేటులో ప్రతి అక్షరం. 3ను 8గా, బి అక్షరాన్ని 8గా చదివిన సందర్భాలున్నాయి. బండి కంపెనీ, రంగు. మీది ఎర్ర స్కూటీ అయితే ఫొటోలో నల్ల బుల్లెట్ ఎందుకుంటుంది? చోటు, సమయం. తప్పు నిజంగా కనబడుతోందా? 167ఎ నియమం ప్రకారం కెమెరా నోటీసులో తప్పునూ నంబరునూ స్పష్టంగా చూపే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో, వేగం లాంటివైతే పరికరం చూపిన కొలత, అన్నీ ఉండాలి. అవి అడగడం మీ హక్కు.

మీది కాదని తేలిందా? వెంటనే ఫొటో స్క్రీన్‌షాట్ తీసుకోండి. సైటులోనే ఫిర్యాదు చేసే చోటు వెతికి చలానా నంబరు, ఆర్‌సీ కాపీ, మీ బండి ఫొటో జతచేసి పంపండి. జవాబు రాకపోతే అదే కట్ట పట్టుకుని ట్రాఫిక్ పోలీసు ఆఫీసుకు వెళ్లండి. అక్కడా తేలకపోతే కట్టకుండా కోర్టులో చెప్పుకునే దారి ఉంది. ఒకసారి కడితే తప్పు ఒప్పుకున్నట్టే, తర్వాత అడిగి లాభముండదు.

ఆలస్యం ఇక్కడ మళ్లీ అడ్డొస్తుంది. మీ అపార్టుమెంటు గేటు కెమెరాలో ఆ రోజు కారు పార్కింగ్‌లోనే ఉన్నట్టు రికార్డయి ఉండొచ్చు. కానీ ఆ రికార్డు కొన్ని వారాలకే చెరిగిపోతుంది. చలానా ఇరవయ్యో రోజున వస్తే ఆ సాయంత్రమే వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి కాపీ తీసుకోండి, ఆదివారం చూద్దామనుకోవద్దు. కారయితే ఫాస్టాగ్ లెక్క చూడండి. ఆ గంటకు మీ కారు ఏ టోల్‌ప్లాజా దాటిందో అందులో నిమిషాలతో సహా ఉంటుంది. అదే నంబరుతో వేరే బండి తిరుగుతోందని అనుమానం వస్తే చలానా గొడవతో ఆపకండి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వండి. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే.

7. కట్టాక వారం ఆగి మళ్లీ చూడండి. డబ్బు ఖాతాలోంచి పోయినా పెండింగ్ అని కనబడటం మామూలే. కంగారుపడి రెండోసారి కట్టకండి. రసీదు దాచుకోండి. మీసేవలో కట్టినా కాగితం జేబులో వేసుకుని మర్చిపోకుండా ఫొటో తీసుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

"పదిహేను రోజులు దాటింది, ఇక చెల్లదు." ఈ మాట నేను చాలాచోట్ల విన్నాను. గడువు దాటి నోటీసు వస్తే దాన్ని అభ్యంతరంగా చెప్పుకోవచ్చు, అంతవరకు నిజం. దానంతటదే రద్దయిపోదు. మీరు చెప్పాలి, ఒప్పుకోవాల్సింది అధికారి లేదా జడ్జి. అప్పటిదాకా ఆ చలానా మీ నంబరు కింద అలాగే కూర్చుని ఉంటుంది.

"డిస్కౌంటు వచ్చినప్పుడు కడదాం." తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు చివర్లో మళ్లీ ప్రకటించి 80 శాతం తగ్గించారు, గడువు ఫిబ్రవరి దాకా పొడిగించారు. నిజమే, అప్పుడు కట్టినవాళ్లకు కలిసొచ్చింది. అయితే మళ్లీ ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? ఆ ఆశతో మూడేళ్లు ఆగితే, ఈలోగా బండి అమ్మాల్సి వస్తే? రోడ్డు మీద ఆపి అడిగితే? నా సలహా, మీ తప్పే అయితే కనబడ్డ వారంలో కట్టేయండి. జాతీయ లోక్ అదాలత్ రోజున ట్రాఫిక్ కేసులు రాజీ చేసుకునే వీలుంటుంది. కోర్టుకు చేరిన పాతవాటికి ఆ తలుపు తట్టండి.

నంబరు ప్లేటు వంచడం, ఒక అంకె మీద స్టిక్కర్ అంటించడం, మాస్కు తగిలించడం. వీటి గురించి ఎక్కువ చెప్పను. వంద రూపాయల జరిమానా తప్పించుకోబోయి క్రిమినల్ కేసు తెచ్చుకోవడమది.

ఇక అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు మెసేజ్‌లో లింకు నొక్కడం. మోసగాళ్లకు మీ ఎదురుచూపే పెట్టుబడి. సిగ్నల్ దగ్గర తప్పు చేశామన్న బెంగ మీ మనసులో ఉంది, చలానా ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో ఒక మెసేజ్, పోలీసు బొమ్మతో, "మీ వాహనంపై చలానా, వివరాలకు ఈ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి" అని, కింద ఏపీకే ఫైలు. నొక్కారా, ఫోను వాళ్ల చేతికి వెళ్లిపోతుంది, ఓటీపీలతో సహా. పోలీసులు ఏపీకే ఫైలు పంపరు. ఎంత నిజమనిపించినా లింకు నొక్కకండి. బ్రౌజర్ తెరిచి, జీఓవీ డాట్ ఇన్‌తో ముగిసే సైటుకు మీరే వెళ్లి నంబరు కొట్టి చూడండి. అక్కడ లేదా? అయితే ఆ మెసేజ్‌కు విలువ లేదు. నిజం చలానా అయితే రెండు రోజులాగినా మునిగిపోయేదేమీ లేదు. ఇప్పటికే నొక్కేసి డబ్బు పోయి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి, ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఒక ముక్క. అక్కడ పోలీసు ఆపి టికెట్ ఇస్తే దాని మీదే జవాబివ్వాల్సిన తేదీ ఉంటుంది. కౌంటీ కోర్టు సైటులో కేసు కనబడటానికి రోజులు పట్టొచ్చు, కొన్నిసార్లు వారాలు. గడువు మాత్రం కాగితం మీదిదే. "సైటులో రాలేదు నాన్నా" అని మీ వాడు అంటే, కాగితం చూసి కోర్టుకు ఫోన్ చేయమనండి.

బండి చేతులు మారేటప్పుడు

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఆ రోజు పొద్దున సైటు చూస్తారు. పెండింగ్ లేవు. డబ్బులిచ్చి బండి తెచ్చుకుంటారు. వారం తర్వాత రెండు చలాన్లు వస్తాయి, రెండూ పాత యజమాని చివరి రోజుల్లో చేసినవి. సైటు అబద్ధం చెప్పలేదు. అవి అప్పటికింకా దారిలో ఉన్నాయి.

ఏం చేయాలి? కొనేవాళ్లయితే, ఇచ్చే మొత్తంలో కొంత నెల రోజులు ఆపుకుంటామని ముందే మాట్లాడుకోండి. కుదరకపోతే, బండి అప్పగించిన తేదీ, గంట, నిమిషం రాసి, అంతకుముందు పడ్డ చలాన్లన్నీ అమ్మినవారివే అని ఇద్దరూ సంతకం చేయండి. బండి మీటరు కనబడేలా ఇద్దరూ కలిసి ఒక ఫొటో దిగండి. సంతోషానికి సంతోషం, సాక్ష్యానికి సాక్ష్యం.

అమ్మేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. "ఆర్‌సీ తర్వాత మార్పించుకుంటాలే అన్నా" అని తీసుకెళ్లినవాడు రెండేళ్లయినా మార్పించుకోడు. ఆ రెండేళ్ల చలాన్లూ మీ పేరు మీదే. చలాన్లతో పోతే పర్లేదు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం కేసుల్లో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారే ఆర్టీఏకు తెలియజేయాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కొన్నవాడి చేతికిచ్చి రావడంతో మీ పని అయిపోలేదు. వాటిని ఆఫీసులో దాఖలు చేసిన రసీదు మీ చేతికి రావాలి. ఎంత దగ్గరి చుట్టానికి అమ్మినా సరే. బావమరిది అయితే ఇంకా త్వరగా చేయండి, తర్వాత అడగడానికి మొహమాటం.

ఫొటోలో మీ వాడు కనబడితే

ఇంటి బండి ఒకటి, నడిపేవాళ్లు నలుగురు. మెసేజ్ తండ్రి ఫోనుకు వస్తుంది. తొమ్మిది రోజుల కిందటి తేదీ, "ట్రిపుల్ రైడింగ్, హెల్మెట్ లేదు". ఫొటో తెరిస్తే డిగ్రీ చదివే కొడుకు, వెనక ఇద్దరు స్నేహితులు. ముగ్గురూ నవ్వుతున్నారు. ఆ సాయంత్రం వాడు లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పాడు.

ఇప్పుడేం చేస్తారు? చాలా ఇళ్లలో మొదట వచ్చే మాట డబ్బు. "నా జీతం నీ చలాన్లకేనా?" తర్వాత తాళాలు బీరువాలోకి పోతాయి. వాడు స్నేహితుడి బండి మీద వెనక కూర్చుని వెళ్తాడు, ఆ ఫొటో ఇంకెవరి ఫోనుకో వెళ్తుంది. మీకు తెలియడం ఆగిపోతుంది, అంతే.

వాడికింకా 18 నిండకపోతే మాత్రం మరో మాట లేదు, తాళాలు తీసుకోవాల్సిందే. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద మైనరు నడిపితే తల్లిదండ్రులకో యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్లదాకా జైలు పడే వీలుంది.

పెద్దవాడైతే ఇలా చేసి చూడండి. అరవకుండా ఫొటో వాడి ముందు పెట్టండి. మీరేమీ అనకండి, వాడినే చూడనివ్వండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. వెనకున్న ఇద్దరూ ఎవరు? వాళ్లు రోజూ ఎలా వస్తారు? నువ్వు ఎక్కించుకోకపోతే ఆ రోజు ఎలా వెళ్లేవాళ్లు? జవాబుల కోసం ఆగండి. జరిమానా సగం వాడి ఖర్చుల డబ్బులోంచి కట్టించండి, వాడి చేత్తోనే, మీరు పక్కన కూర్చుని.

నాకు తెలిసిన ఒక ఇంట్లో తల్లి సరిగ్గా ఇలాగే అడిగింది. చివరన కూర్చున్న అబ్బాయి ఊరి చివర కాలనీలో ఉంటాడనీ, సాయంత్రం ఆరు దాటితే అటు బస్సు లేదనీ, అందుకే రోజూ ఎవరో ఒకరి బండి ఎక్కుతాడనీ అప్పుడు తెలిసింది. కొడుకు రెండు విడతలుగా దింపుతానని ఒప్పుకున్నాడు. ఆ ఆదివారం ఆమె కొడుకుతో బజారుకు వెళ్లి వెనక కూర్చునేవాడికి కూడా ఒక హెల్మెట్ కొనుక్కొచ్చింది. వాడు రోజూ అదే పెట్టుకుంటున్నాడట. ఆ నెల నిండిన రోజు తల్లీకొడుకులు ఇద్దరూ కూర్చుని నంబరు కొట్టి చూశారు. పాత తేదీది ఇంకొకటి అప్పుడే వచ్చి ఉంది. దాన్ని కొడుకే కట్టాడు.